అంటు కొమ్మకు అతిశయం తగదు

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో తరచు వినబడే మాట ఒకటి ఉంది: ‘అన్యులు’. అన్యుల పెళ్లి, అన్యుల పండగ, అన్యుల ఇంట్లో భోజనం. మన హిందూ, ముస్లిం ఇరుగుపొరుగు గురించి చెప్పేటప్పుడు ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేస్తుంది. బైబిల్లో ‘అన్యజనులు’ అంటే యూదులు కానివాళ్లు. ఆ లెక్కన గుంటూరు, ఒంగోలు, నరసాపురం, సికింద్రాబాదు చర్చిల్లో కూర్చునే మనమందరం అన్యజనులమే. పిల్లలకి యాకోబు, రూతు, ఎస్తేరు అని పేర్లు పెట్టుకుని, సీయోను పాటలు పాడుకుంటూ, ఎప్పుడో తెలియకుండానే మనం ఇంటివాళ్లమనీ మిగతావాళ్లు బయటివాళ్లనీ అనుకోవడం మొదలుపెట్టాం. యూదుల గురించి మనం చేసే ఆలోచనల్లోని చిక్కంతా ఈ ఒక్క మాటలో కనబడుతుందని నాకు అనిపిస్తుంది.

నేను ఎమిరేట్స్‌లో ఉంటాను. దుబాయ్ ఊద్ మెథాలోని చర్చి ఆవరణలో ఒక హాల్లో మలయాళం, పక్క హాల్లో తమిళం, ఇంకో హాల్లో తెలుగు, పైన ఫిలిప్పీన్స్ వాళ్ల పాటలు. 2022 జనవరిలో ఇక్కడ వారాంతం శని, ఆదివారాలకు మారినా శుక్రవారం ఆరాధన మానని సంఘాలు ఇంకా ఉన్నాయి. ఈ సభల్లో ఇశ్రాయేలు ప్రస్తావన రాని వారం అరుదు. వచ్చినప్పుడల్లా రెండు రకాల మాటలు వింటాను. ఒకటి: యూదులు మెస్సీయను కాదన్నారు, కాబట్టి దేవుడు వాళ్లని వదిలేసి ఆ స్థానం సంఘానికి ఇచ్చాడు. రెండోది: యూదులు దేవుడి గడియారంలో ముల్లు, వాళ్ల దేశంలో ఏం జరుగుతోందో చూస్తే అంత్యకాలం ఎంత దగ్గర పడిందో చెప్పవచ్చు. పైకి ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు. నా దృష్టిలో మాత్రం రెండింటి జబ్బూ ఒకటే.

మొదటిది తీసుకుందాం. అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చాడు. ఆయన వేసిన బడులు, వైద్యసేవ, సంఘాలు మన చరిత్రలో భాగం. అందుకు కృతజ్ఞత ఉండాల్సిందే. అయితే ఆ సంప్రదాయానికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1543లో యూదుల మీద ఒక పుస్తకం రాశాడు. వాళ్ల ప్రార్థనా మందిరాలు తగలబెట్టమనీ, ఇళ్లు పడగొట్టమనీ అందులో సలహా ఇచ్చాడు. నాలుగు శతాబ్దాల తర్వాత నాజీలు దాన్ని గర్వంగా ప్రదర్శించుకున్నారు. అంతకు ఎంతో ముందే, 1096లో, మొదటి క్రూసేడుకు బయల్దేరిన గుంపులు దారిలో జర్మనీలోని వర్మ్స్, మైంట్స్ పట్టణాల్లో యూదుల్ని ఊచకోత కోశాయి. ‘దేవుడే వదిలేశాడు’ అనే మాట వేదాంతంగా మొదలై ఎక్కడ తేలుతుందో చరిత్ర చూపించింది. కేథలిక్ సంఘం 1965 అక్టోబరు 28న రెండో వాటికన్ మహాసభ ప్రకటనతో ఆ మాటను పక్కన పెట్టింది. అమెరికాలోని ప్రధాన లూథరన్ సంఘం 1994లో లూథర్ ఆ రాతల్ని బహిరంగంగా తిరస్కరించింది. మన సండే స్కూళ్లలో లూథర్ తలుపుకి కొట్టిన సిద్ధాంతాల గురించి చెబుతారు. ఈ పుస్తకం గురించి చెప్పగా నేను వినలేదు.

రెండో మాటకీ మన దగ్గర ఒక దారి ఉంది. 1836లో ఆంథనీ నారిస్ గ్రోవ్స్ వెంట బౌడెన్, బీర్ కుటుంబాలు ఇంగ్లండు నుంచి వచ్చి నరసాపురం ప్రాంతంలో పని మొదలుపెట్టాయి. వాళ్లది బ్రదరెన్ సహవాసం. ఆ సహవాసంలోనే పేరుపొందిన జాన్ నెల్సన్ డార్బీ, ఇశ్రాయేలుకి ఒక కార్యక్రమం, సంఘానికి వేరే కార్యక్రమం అని దేవుడి ప్రణాళికను యుగాలుగా విభజించి చూపించాడు. 1909లో అచ్చయిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిలు ఆ విభజనను ప్రపంచమంతా పంచింది. ఈ రోజు తెలుగు ప్రసంగాల్లో గోడకి తగిలించే అంత్యకాలపు పటాలు చాలావరకు ఆ వంశంలోవే. డార్బీ బోధలో ఒక మేలు లేకపోలేదు. దేవుడు యూదులకు ఇచ్చిన మాట తప్పలేదని ఆయన గట్టిగా పట్టుకున్నాడు. ఆ పటం గోడకి ఎక్కిన తర్వాత మాత్రం అందులో మనుషులు ఉండరు. గాజా యుద్ధం రోజుల్లో నా ఫోనుకి వచ్చిన తెలుగు సందేశాల్లో చనిపోయిన పిల్లలు లేరు, బందీలుగా పోయిన ముసలివాళ్లు లేరు. వచన సంఖ్యలూ బాణపు గుర్తులూ ఉన్నాయి. నాతో పనిచేసే ఒకాయన బెత్లెహేము క్రైస్తవుడు, అరబ్బు. మా పటంలో ఆయనకి చోటెక్కడో నేను చూపించలేను.

ఒక మాట యూదుల్ని చెత్తబుట్టలో పడేస్తుంది. ఇంకో మాట మన ఉత్సాహానికి పనిముట్టు చేసుకుంటుంది. రెండింటిలోనూ తీర్పరులం మనమే.

పౌలు రోమీయులకు రాసిన పత్రిక తొమ్మిది నుంచి పదకొండు అధ్యాయాలు ఈ ధోరణికే జవాబు. క్లౌదియ చక్రవర్తి క్రీ.శ. 49 ప్రాంతంలో యూదుల్ని రోమా నుంచి వెళ్లగొట్టాడు. వాళ్లు తిరిగి వచ్చేసరికి అక్కడి సంఘంలో అన్యజనులదే పైచేయి అయి ఉంటుందని పండితులు చాలామంది అంటారు. ఆ అన్యజనులకి పౌలు ఒలీవ చెట్టు పోలిక చెప్పాడు. కొన్ని కొమ్మలు విరిగాయి, అడవి ఒలీవ కొమ్మ తెచ్చి అక్కడ అంటుకట్టారు. ఆ కొమ్మ పాత కొమ్మల్ని చూసి విర్రవీగకూడదు, ఎందుకంటే వేరే దాన్ని మోస్తోంది కానీ అది వేరుని మోయడం లేదు.

నూజివీడు మామిడి రైతుకి ఈ పోలిక వినిపిస్తే నవ్వుతాడు. నాటు టెంకతో మొలిచిన మొక్క మీద బంగినపల్లి కొమ్మ అంటుకడతారు కానీ, మంచి చెట్టుకి అడవి కొమ్మ ఎవరైనా కడతారా? పౌలుకీ ఆ సంగతి తెలుసు. ఇది స్వభావానికి విరుద్ధమని ఆయనే ఒప్పుకుంటాడు. పోలికలోని బలమంతా ఆ తలకిందుల పనిలోనే ఉంది. మనల్ని అంటుకట్టింది మన కాయ రుచి చూసి కాదు. విరిగిన కొమ్మల్ని సొంత చెట్టుకి మళ్లీ కట్టడం దేవుడికి ఇంకా తేలిక అని కూడా పౌలే అన్నాడు. దేవుడు తన పిలుపుని వెనక్కి తీసుకోడన్నది ఆయన తేల్చిన మాట. ఎలా, ఎప్పుడు అన్నచోట మాత్రం పటం గీయలేదు. దేవుడి జ్ఞానం లోతుని చూసి స్తోత్రం చేసి ఊరుకున్నాడు.

అబుదాబిలో సాదియాత్ ద్వీపం మీద 2023లో తెరిచిన అబ్రహామిక్ ఫ్యామిలీ హౌస్‌కి వెళ్తే ఈ విషయాన్ని ఇంకో వైపు నుంచి చూడవచ్చు. మసీదు, చర్చి, యూదుల ప్రార్థనా మందిరం, మూడూ ఒకే కొలతల ఘనాలు. మసీదు మక్కా వైపు, చర్చి తూర్పు వైపు, సినగాగు యెరూషలేము వైపు తిరిగి ఉంటాయి. ఎవరి దిక్కు వాళ్లది. ఆ సినగాగుకి పెట్టిన పేరు మోషే బెన్ మైమోన్, 12వ శతాబ్దపు యూదు పండితుడు, వైద్యుడు. ఆయన తన ధర్మశాస్త్ర గ్రంథంలో మనకీ ఒక చోటు కేటాయించాడు. క్రైస్తవులూ ముస్లింలూ పొరబడినవాళ్లే కానీ, రాబోయే మెస్సీయకు లోకమంతటా దారి సిద్ధం చేస్తున్నారని ఆయన అభిప్రాయం. అది మొదటిసారి చదివినప్పుడు నాకు కొంచెం గుచ్చుకుంది. నా విశ్వాసం ఇంకొకరి కథలో ముందుమాటా? మనం యూదులకు ‘ప్రణాళికలో స్థానం’ ఇచ్చినప్పుడు వాళ్లకి ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి ఆ గుచ్చుకోవడం నాకు పనికొచ్చింది.

నా విశ్వాసాన్ని దాచుకోమని దీని అర్థం కాదు. యేసే యూదుల మెస్సీయ అని నేను నమ్ముతాను. ఆయన యూదుడు, ఆయన తల్లి యూదురాలు, మొదటి శిష్యులు యూదులు. దేవుడి నిబంధన ఇప్పటికీ వాళ్లతో ఉందనడమూ, నేటి ఇశ్రాయేలు ప్రభుత్వం చేసే ప్రతి పనికీ ఆమెన్ అనడమూ ఒకటి కాదు. రాజుల్నీ న్యాయాధిపతుల్నీ అందరికంటే కఠినంగా నిలదీసినవాళ్లు ఆమోసు, యిర్మీయా. వాళ్లు బయటివాళ్లు కారు, వాళ్లూ ఇశ్రాయేలీయులే.

యూదులంటే మనకి పటంలో గుర్తులే తప్ప పొరుగువాళ్లు కారనడానికి ఒక్క సంగతి చెబుతాను. 2024 నవంబరులో దుబాయ్‌లో యూదుల ఆహార దుకాణం నడుపుతున్న యువ రబ్బీ జ్వీ కోగన్‌ని అపహరించి చంపేశారు. ఇక్కడి న్యాయస్థానం 2025 మార్చిలో ముగ్గురికి మరణశిక్ష వేసింది. ఆ వారం నేను కూర్చున్న తెలుగు సభలో ఇశ్రాయేలు గురించి చాలాసేపు ప్రసంగం జరిగింది. మన ఊళ్లోనే చనిపోయిన ఆ మనిషి కోసం, ఆయన భార్య కోసం ఒక్క ప్రార్థన వినబడలేదు. బెత్లెహేము వాళ్ల కోసమూ వినబడలేదు.

దేవుడి ప్రణాళికలో యూదుల స్థానం ఏమిటని అడిగేవాళ్లకి నా జవాబు చిన్నది. వాళ్లది వేరుతో పుట్టిన బంధం, మనది దయతో కట్టిన బంధం. వాళ్లకి స్థానం కేటాయించే పని మనది కాదు. మనకి దొరికిన చోట ఒదిగి ఉండి, కాయలు కాయడమే మన పని. ఆ చెట్టు నీడకి ఇంకా ఎవరెవరు వస్తారో తోటమాలికి తెలుసు. అంతవరకు పక్కింటివాళ్లని ‘అన్యులు’ అనడమైనా మానేద్దాం.