ముప్పై దాటాక నర్సింగ్ చదువు – ఎంపికలో వివేకం

చికిత్సకు నాలుగు పాదాలున్నాయని మన ప్రాచీన వైద్యం చెబుతుంది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి – ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కుంటుపడినా వైద్యం సాగదు. చరక సంహిత సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయం పరిచారకునికి నాలుగు గుణాలను విధించింది. ఉపచార విధానం తెలిసి ఉండటం, దక్షత, రోగిపట్ల అనురాగం, శుచిత్వం అన్నవి ఆ గుణాలు. వీటిలో మొదటిది చదువు వలన వస్తుంది. రెండవది రోగి పడక పక్కన నిలబడి స్వయంగా చేయడం వలన వస్తుంది. తక్కిన రెండింటిని ఏ కళాశాలా అమ్మజాలదు. ఇరవై ఎనిమిది సంవత్సరాలు నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పిన నేను, అమెరికాలో బహుళ ప్రచారంలో ఉన్న త్వరిత నర్సింగ్ కోర్సుల గురించి ఈ కొలబద్దతోనే నా అభిప్రాయం చెప్పదలచాను.

అమెరికా చదువుల ప్రస్తావన మనకెందుకన్న సందేహం పాఠకులకు కలగవచ్చు. మన ఇళ్ళ నుండి వెళ్ళి అక్కడ స్థిరపడిన కూతుళ్ళు, కోడళ్ళు, కొందరు మగపిల్లలు కూడా ఇంజనీరింగో, ఎం.సి.ఏ.నో చదివి, ఉద్యోగం పోవడం వలన గానీ, పిల్లల పెంపకం కోసం విరామం తీసుకోవడం వలన గానీ, ముప్పై దాటిన తరువాత నర్సింగ్ వైపు చూస్తున్నారు. "పన్నెండు నెలల్లో అయిపోతుందట, చేరమంటారా మేడమ్?" అని వారి తల్లిదండ్రులు ఇక్కడి నుండి నాకు ఫోను చేస్తున్నారు. ఆ ప్రశ్నలో ముందుగా సరిచూసుకోవలసినది ఆ పన్నెండు నెలల లెక్కనే.

లెక్కలోని అసలు సంగతి

మన దేశంలో ఏ డిగ్రీ ఉన్నవారైనా బి.ఎస్సి. నర్సింగ్ మొదటి సంవత్సరం నుండి నాలుగేళ్ళూ చదవవలసిందే. అమెరికాలో మరొక డిగ్రీ ఉన్నవారికి వేరే మార్గం ఉన్నది. 1971లో సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం ప్రారంభించిన ఈ పద్ధతిని తరువాత అనేక విశ్వవిద్యాలయాలు అనుసరించాయి. సాధారణంగా 11 నుండి 18 నెలలలో కోర్సు ముగుస్తుంది. భాషలు, చరిత్ర వంటి సాధారణ పాఠ్యాంశాలను పాత డిగ్రీ భర్తీ చేస్తుంది. నర్సింగ్ పాఠాలలో తగ్గింపు ఏమీ ఉండదు, సెలవులు మాత్రం తగ్గుతాయి.

అయితే చేరడానికి ముందే శరీర నిర్మాణ శాస్త్రం, శరీరధర్మ శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం, రసాయన శాస్త్రం, గణాంక శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, పోషకాహార శాస్త్రం వంటివి పూర్తి చేసి ఉండాలని అడుగుతారు. వీటిలో ప్రయోగశాలతో కూడినవీ ఉన్నాయి. సైన్సు పాఠాలు ఇటీవలి అయిదారేళ్ళలో చదివినవై ఉండాలని నియమం పెట్టిన కళాశాలలూ ఉన్నాయి. ఎప్పుడో బి.టెక్. చదివిన అమ్మాయి ఇవన్నీ కమ్యూనిటీ కళాశాలలో పూర్తి చేసుకొనేసరికి మరొక ఏడాది గడుస్తుంది. అందువలన ఇంటి బడ్జెట్టు వేసుకొనేవారు రెండు, రెండున్నర సంవత్సరాలకు వేసుకోవడం ఉత్తమం. కోర్సు నడిచే కాలంలో ఉద్యోగం చేయడానికి వీలుండదు. పైగా ఇది రెండవ డిగ్రీ కాబట్టి, మొదటి డిగ్రీ విద్యార్థులకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు దీనికి వర్తించదు.

కళాశాలను దేనితో కొలవాలి?

మొదటిది గుర్తింపు. ఆ రాష్ట్ర నర్సింగ్ బోర్డు అనుమతి, సి.సి.ఎన్.ఇ. లేదా ఎ.సి.ఇ.ఎన్. వంటి సంస్థల గుర్తింపు ఉన్నదీ లేనిదీ ఆ సంస్థల జాబితాలలోనే చూసుకోవాలి. కళాశాల కరపత్రాన్ని నమ్మి ఊరుకోరాదు. 2023 జనవరిలో ఫ్లోరిడాలో 7,600కు పైగా నకిలీ నర్సింగ్ పట్టాలు అమ్ముడుపోయిన వ్యవహారాన్ని అమెరికా ప్రభుత్వం బయటపెట్టింది. దగ్గరి దారి వెతికే వారి ఆత్రుతే అటువంటి అంగళ్ళకు పెట్టుబడి. ఆ పట్టాతో వార్డులోకి అడుగుపెట్టిన మనిషి చేతిలో రోగి ప్రాణం ఉంటుందన్న సంగతి కొన్నవారికీ పట్టలేదు, అమ్మినవారికీ పట్టలేదు.

రెండవది ఫలితాలు. ఏ మార్గంలో చదివినా రిజిస్టర్డ్ నర్సు కావాలంటే ఎన్.సి.ఎల్.ఇ.ఎక్స్. పరీక్ష నెగ్గవలసిందే. మొదటి ప్రయత్నంలో ఎంత శాతం ఉత్తీర్ణులయ్యారో కళాశాలల వారీగా రాష్ట్ర బోర్డులు ప్రకటిస్తాయి. ఒక్క ఏడాది అంకె చాలదు, మూడేళ్ళవి చూడాలి. దానితోపాటు ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పూర్తి చేశారు అని కూడా అడగాలి. బలహీనులను మధ్యలోనే పంపివేసి ఉత్తీర్ణత శాతాన్ని నిలుపుకోవడం అసాధ్యం కాదు. ఒక పాఠ్యాంశంలో తప్పితే ఏమవుతుందో కూడా ముందే తెలుసుకోవాలి. తరువాతి బృందం వచ్చేవరకు ఆగవలసి వస్తుందా, లేక సీటే పోతుందా అన్నది అప్పు చేసి చేరిన కుటుంబానికి చిన్న విషయం కాదు.

మూడవది, నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది, ఆసుపత్రి శిక్షణ. ఎన్ని గంటలు, ఏ ఆసుపత్రిలో, ఎంతమంది విద్యార్థులకు ఒక బోధకురాలు అన్న మూడు ప్రశ్నలకు జవాబు వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. బొమ్మ రోగులపై ఇచ్చే అనుకరణ శిక్షణను నేను తీసిపారవేయను. చక్కగా జరిపినప్పుడు ఆసుపత్రి గంటలలో సగం వరకు ఆ విధంగా ఇచ్చినా ఫలితాలు దీటుగానే ఉన్నాయని 2014లో అక్కడి రాష్ట్ర బోర్డుల జాతీయ మండలి ప్రకటించిన అధ్యయనం తేల్చింది. కానీ ఆ తక్కిన సగం నిజమైన రోగి వద్దనే గడవాలి. సిద్ధాంత పాఠాలను కంప్యూటరులో చెప్పి, ఆసుపత్రి సంగతి తరువాత చూద్దామనే కళాశాలలో చేరవద్దని నా సలహా. మా చెల్లెలి కూతురికి రెండు చోట్ల సీటు వచ్చింది, ఒకచోట పన్నెండు నెలలు, మరొకచోట పదహారు. రెండవ చోట శిక్షణ ఆసుపత్రి కళాశాల పక్కనే ఉన్నది. ఆ నాలుగు నెలలు ఎక్కువైనా ఫరవాలేదని చెప్పాను. ఆమె అక్కడే చేరింది.

మరొక మాట. కమ్యూనిటీ కళాశాలలో రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ చేసినవారు కూడా ఇదే పరీక్ష వ్రాసి ఇదే లైసెన్సు పొందుతారు. ఖర్చు చాలా తక్కువ. తరువాత ఉద్యోగం చేసుకుంటూ బి.ఎస్సి. పూర్తి చేయవచ్చును. బి.ఎస్సి. డిగ్రీ ఉన్నవారినే తీసుకోవాలనే పట్టుదల ఉన్న పెద్ద ఆసుపత్రులు కొన్ని లేకపోలేదు అని భయపడి ఈ దారిని కాదనుకోకండి. మన మధ్యతరగతి ఇళ్ళలో దీనికి రావలసిన గౌరవం రావడం లేదు.

దరఖాస్తు చేసేటప్పుడు

కోర్సు మొదలయ్యే తేదీకి ఏడాది ముందుగానే పని ప్రారంభించాలి. మన విశ్వవిద్యాలయాల నుండి ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించి, అక్కడి మూల్యాంకన సంస్థకు పంపి, సబ్జెక్టుల వారీగా విలువ కట్టించాలి. మార్కుల మెమోలు వెతికి తీయడం, విశ్వవిద్యాలయం చుట్టూ తిరగడం ఇక్కడున్న తల్లిదండ్రులు చేయగల సాయం. మూడేళ్ళ బి.ఎస్సి., బి.కాం. డిగ్రీలను అక్కడి నాలుగేళ్ళ డిగ్రీకి సమానంగా అంగీకరించని కళాశాలలు ఉన్నాయి. రుసుము కట్టకముందే ఈ సంగతి అడగాలి. కొన్ని చోట్ల టీస్ లేదా హెసి అనే ప్రవేశ పరీక్ష, మరికొన్ని చోట్ల ఇంగ్లీషు పరీక్ష కూడా ఉంటాయి. హెపటైటిస్-బి, తట్టు, ఆటలమ్మ టీకాల పత్రాలు, క్షయ పరీక్ష తప్పనిసరి. చిన్ననాటి టీకా కార్డులు ఇంట్లో ఉంటే ఇప్పుడే పంపండి.

భర్త వీసాపై ఆధారపడి ఉన్న హెచ్-4 వారు చదువుకోవచ్చును. కానీ ఉద్యోగానికి వర్క్ పర్మిట్ వేరుగా ఉండాలి. కొన్ని రాష్ట్రాల బోర్డులు లైసెన్సుకు సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా అడుగుతాయి. చదువంతా ముగిసిన తరువాత ఈ గోడ ఎదురుకాకుండా, మొదటే ఆ బోర్డును అడిగి తెలుసుకోవాలి.

దరఖాస్తుతో జతచేసే వ్యాసంలో "సేవ చేయాలన్నది నా చిన్ననాటి కల" అని వ్రాస్తే చదివేవారికి కొత్తేమీ కనిపించదు. పక్షవాతంతో పడిపోయిన తాతగారికి మీరు ఏమేమి చేశారో, అందులో ఏది కష్టమనిపించిందో వ్రాయండి. వీలైతే ముందుగా నర్సింగ్ సహాయకురాలి శిక్షణ తీసుకోండి. అక్కడి కేంద్ర ప్రభుత్వ నియమం ప్రకారం దానికి కనీసం 75 గంటలు చాలు. వృద్ధులకు స్నానం చేయించడం, పక్క మార్చడం, మలమూత్రాలు శుభ్రం చేయడం అందులో ఉంటాయి. ఆ కొద్ది వారాల తరువాత కూడా మనసు నిలిచినవారు అప్పు చేసి చేరినా నేను అడ్డు చెప్పను. మనసు విరిగినవారికి పెద్ద నష్టమేమీ లేదు.

ఇంటి పెద్దలకు మనవి

"ఇంజనీరింగ్ చదివి బెడ్‌పాన్లు ఎత్తడమా?" అని ఇప్పటికీ అనేవారున్నారు. ఆ మాట అన్నవారే ఆసుపత్రిలో చేరినప్పుడు మంచి నర్సు దొరకాలని కోరుకుంటారు. మరికొందరు దీనికి విరుద్ధంగా, డాలర్ల ఉద్యోగం తొందరగా వస్తుందని ఇష్టం లేని పిల్లను తోస్తున్నారు. ఈ రెండు వైఖరులూ తగవు. పన్నెండు గంటల డ్యూటీలో నిలబడే కాళ్ళు, రోగిని లేపే నడుము, రాత్రి మేలుకొనే కళ్ళు ఆమెవి. కాబట్టి నిర్ణయమూ ఆమెదే కావాలి.

ఆమె నిర్ణయించుకున్న తరువాత మాత్రం ఇల్లంతా కలిసిరావాలి. ఆ ఏడాదిన్నరలో వంట ఎవరిది, పిల్లవాణ్ణి బడి నుండి తెచ్చేది ఎవరు, రాత్రి డ్యూటీ చేసి వచ్చిన రోజున ఆమెను పగలు నిద్రపోనిచ్చేది ఎవరు అన్న విషయాలు దరఖాస్తు పంపే రోజునే మాట్లాడుకోవాలి. నెలల తరబడి వేళకు తిండి, నిద్ర లేని మనిషి చదివినది నిలుపుకోవడం కష్టం. కళాశాల రుసుము కోసం పొలం అమ్మడానికి సిద్ధపడిన అత్తగారు, కోడలి పగటి నిద్రకు అభ్యంతరం చెప్పడం నేను చూశాను. ఆ రెండింటిలో కోడలికి ఎక్కువ అక్కరకు వచ్చేది ఆ నిద్రే.