ఆపరేషన్ అయిపోయిందిగా, ఇంకేంటి?

మోకాలి ఆపరేషన్ అయ్యాక నాకు ఇది ఆరో నెల. ఈ ఆరు నెలల్లో ఎక్కువసార్లు విన్న ప్రశ్న పైన పెట్టిందే. లెక్చరర్లు అడిగారు, హాస్టల్ వాచ్‌మన్ అడిగాడు, పెదనాన్న ఫోన్‌లో వారానికోసారి అడుగుతారు. ఎవరి మీదా కోపం లేదు. కానీ ఆ ప్రశ్న వెనక ఉన్న లెక్క తప్పు. ఏసీఎల్ తెగినవాళ్లకి ఆపరేషన్ వైద్యంలో ఒక పూట పని. మిగతా వైద్యమంతా ఆ తర్వాత తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది. మన ఇళ్లు, కాలేజీలు ఆ ఒక్క పూటనే వైద్యం అనుకుంటున్నాయి.

కొంత తిరకాసు మన మాటలోనే ఉంది. మనవాళ్లకి లిగమెంట్ నరమే, టెండన్ నరమే, అసలు నరం కూడా నరమే. "కబడ్డీలో నరం తెగింది, డాక్టర్లు అతికించారు" అని మా చుట్టాల్లో నా గురించి వార్త. ఒకాయన పుత్తూరు కట్టు కట్టించమన్నాడు. అది విరిగిన ఎముకలకి, నా ఎముకలు బాగానే ఉన్నాయి మొర్రో అన్నా వినలేదు. నిజానికి ఏసీఎల్ పూర్తిగా తెగితే మామూలుగా అతికించరు. తొడ వెనక ఉండే హామ్‌స్ట్రింగ్ టెండన్ నుంచో, మోకాలిచిప్ప కింది టెండన్ నుంచో కొంత తీసి, పైఎముకలో కిందిఎముకలో సొరంగాలు చేసి, పాత లిగమెంట్ ఉన్న దారిలో బిగిస్తారు. దీన్ని గ్రాఫ్ట్ అంటారు. అంతా కెమెరా పెట్టి చిన్న చిన్న కోతలతో చేస్తారు కాబట్టి, మచ్చలు చూసినవాళ్లు "ఇంతేనా" అంటారు.

పెట్టిన రోజు ఆ గ్రాఫ్ట్‌కి రక్తప్రసరణ ఉండదు. మెల్లగా అందులోకి మన కణాలు చేరాలి, రక్తనాళాలు పెరగాలి, టెండన్‌గా ఉన్నది లిగమెంట్‌లా మారాలి. ఈ మార్పు జరిగేటప్పుడు, మొదటి కొన్ని వారాలు గడిచాక, గ్రాఫ్ట్ బలం పెరగడం పోయి తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే మనిషికి హాయిగా ఉంటుంది. వాపు పోతుంది, చంకకర్రలు మూలకి చేరతాయి, మెట్లు ఎక్కేస్తాం. మూడో నెలకి చూసేవాళ్ల దృష్టిలో కుర్రాడు సెట్ అయిపోయాడు. కోడ్ కంపైల్ అయింది కదా అని టెస్టింగ్ లేకుండా రిలీజ్ చేసినట్టు అని చెప్తే మా బ్రాంచ్ వాళ్లకి వెంటనే అర్థమైంది.

2016లో నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. ఆటలోకి తిరిగి వెళ్లడం ఒక్కో నెల ఆలస్యం చేసినకొద్దీ, తొమ్మిదో నెల వరకు, మోకాలికి మళ్లీ గాయమయ్యే రేటు 51 శాతం చొప్పున తగ్గిందని అందులో తేలింది. అంతకుముందు 2010లో స్వీడన్ వాళ్లు 121 మంది యువతని తీసుకుని, సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు, మిగతావాళ్లకి ముందు ఎక్సర్‌సైజులు, అవసరమైతేనే తర్వాత ఆపరేషన్ అన్నారు. రెండేళ్లకి రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో గుంపులో 59 మందికి గాను ఆపరేషన్ దాకా వెళ్లింది 23 మంది. అందరికీ ఆపరేషన్ వద్దని నేను అనట్లేదు. నాకు మామూలుగా నడుస్తున్నా మోకాలు జారేది, మెనిస్కస్ కూడా చిరిగింది, తప్పలేదు. కానీ రెండు గుంపులూ చేసిన పని ఒకటే, ఎక్సర్‌సైజు.

ఆ ఎక్సర్‌సైజు ఎలా ఉంటుందో చెప్పాలి. మడమ కింద టవల్ చుట్ట పెట్టుకుని, మోకాలిని కిందకి నొక్కుతూ తొడ బిగించాలి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. మొదటి వారం తొడ అస్సలు మాట వినదు. మెదడు ఆర్డర్ వేస్తుంది, తొడ కండరం ఊరికే చూస్తూ ఉంటుంది. మోకాలు వాచినప్పుడు శరీరమే ఆ కండరాన్ని ఆపేస్తుందని ఫిజియో చెప్పారు. ఆరు వారాలకి టేపుతో కొలిస్తే రెండు తొడల మధ్య నాలుగు సెంటీమీటర్ల తేడా. ఇప్పుడు ఒకటిన్నర. ఆ రెండున్నర సెంటీమీటర్లు రోజుకి గంట చొప్పున సంపాదించుకున్నవి, నా సీజీపీఏ కన్నా వాటినే ఎక్కువ చెప్పుకుంటాను.

ఇక కాలేజీ. హాజరు 75 శాతం ఉండాలి, మెడికల్ కారణమైతే 65 దాకా మాఫీ. మంచం మీద ఉన్న మూడు వారాలకి సర్టిఫికెట్ ఇస్తే మారు మాట్లాడకుండా తీసుకున్నారు. ఆ తర్వాత వారానికి మూడు రోజులు ఫిజియోకి వెళ్లాలంటే చివరి ల్యాబ్ వదలాలి. "నడుస్తున్నావు కదా బాబూ" అన్నారు. ఆ నడక ఎక్కడి నుంచి వస్తోందని అనుకున్నారో మరి. ల్యాబ్ మూడో అంతస్తులో, లిఫ్ట్ మీద స్టాఫ్ ఓన్లీ బోర్డు. హాస్టల్లో మా ఫ్లోర్‌లో అన్నీ ఇండియన్ టాయిలెట్లే. నెలల తరబడి గొంతుక్కూర్చోవద్దని డాక్టరు చెప్పిన మనిషి ఏం చేయాలి? ఇది రాయడానికి సిగ్గుపడాల్సింది నేనైతే కాదు. కింద గెస్ట్ రూమ్‌లో వెస్టర్న్ ఉంది, దాని తాళం చెవి చేతికి రావడానికి రెండు వారాలు పట్టింది.

అమ్మాయిల పరిస్థితి ఇంకా కష్టం. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటల్లో అబ్బాయిల కన్నా అమ్మాయిలకే ఏసీఎల్ ఎక్కువ తెగుతుంది. ఖో-ఖో ఆడే మా సీనియర్ అక్కకి ఆపరేషన్ చేయించారు గానీ, రెండో నెలకే ఫిజియో మాన్పించేశారు. "ఆట మానేస్తే సరిపోతుందిగా" అన్నారట ఇంట్లో. ఆట మానేసింది, మోకాలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా చాపలేదు.

రిషభ్ పంత్‌కి 2022 డిసెంబర్ 30న కారు ప్రమాదమైతే, మళ్లీ మ్యాచ్ ఆడింది 2024 మార్చిలో. మధ్యలో అతని జిమ్ వీడియోలకి లైకులు కొట్టని మనిషి మా హాస్టల్లో లేడు. పదిహేను నెలలు అతనికి పట్టొచ్చు, మాకు మాత్రం సెమిస్టర్ బ్రేక్‌లో అయిపోవాలి.

ఫిజియో ఇచ్చే చీటీని తొమ్మిది నెలల వరకు మెడికల్ సర్టిఫికెట్‌తో సమానంగా చూడాలని, కర్ర పట్టుకున్నవాళ్లకి లిఫ్ట్ ఇవ్వాలని, ఒక్కో హాస్టల్ ఫ్లోర్‌కి ఒక్క వెస్టర్న్ టాయిలెట్ పెట్టాలని లెటర్ రాసిచ్చాను. ఖో-ఖో అక్క కూడా సంతకం పెట్టింది. ఇరవై రోజులైంది, జవాబు రాలేదు. వచ్చే సోమవారం మళ్లీ వెళ్తాం. ఆఫీసు రెండో అంతస్తులో ఉంది.