తుప్పు వదలాలంటే తొందర వదలాలి

గోదావరి జిల్లాల్లో నీళ్లకి లోటు లేదు. ఇనుముకి మాత్రం అదే శాపం. ధవళేశ్వరంలో 1852లో పూర్తయిన ఆనకట్ట పుణ్యమా అని ఊరూరా పారే కాలువలు, ఇంటింటా కొబ్బరిచెట్ల నీడ, కాకినాడ, అంతర్వేది వైపు వీచే ఉప్పుగాలి... అన్నీ కలిసి షెడ్డులో ఉన్న బండిని చడీచప్పుడు లేకుండా కొరుక్కు తింటాయి. తాతగారు కొన్న అంబాసిడర్ అయినా, చేలో నీళ్లు తోడే ఆయిల్ ఇంజనైనా అంతే. పైన మడ్డి, కింద తుప్పు.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇలాంటి పాత బండ్ల సామాను పోతే మళ్లీ దొరకడం కష్టం. ఉన్నదాన్ని కాపాడుకోవడమే తెలివి. ఆ పనిలో సగం ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక ఆదివారం, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఏవి విప్పాలి? ఏవి వద్దు?

ఇంజన్‌ను పూర్తిగా విప్పే పని మెకానిక్‌కే వదిలేయండి. పైనుంచి తేలిగ్గా ఊడివచ్చే టాపెట్ కవరు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, ఫ్యాను, బ్రాకెట్లు, క్లాంపులు ఇంట్లో చేసుకోవడానికి అనువైనవి. ఇంజన్ పూర్తిగా చల్లారాక, బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీశాకే స్పానర్ పట్టండి. విప్పేముందు సెల్‌ఫోన్‌తో ఫొటో తీయండి. ఏ భాగం బోల్టులు ఆ భాగం పేరు రాసిన కవర్లో వేయండి. టాపెట్ కవరు తీస్తే ప్యాకింగ్ కొత్తది వేయాల్సిందే. ముందే కొని ఉంచుకోండి. కవరు తీసిన చోట ఇంజన్ మీద శుభ్రమైన గుడ్డ కప్పడం మరవకండి. దుమ్ము లోపల పడితే దాని ఫలితం బేరింగులు అనుభవిస్తాయి.

మడ్డి ముందు, తుప్పు తర్వాత

జిడ్డు మీద రంగు నిలవదు. అందుకే ముందు కడుగుడు. దీనికి కిరసనాయిలు చాలు. పెట్రోలు జోలికి మాత్రం వెళ్లకండి. దాని ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా అంటుకోగలదు. గదిలో నేలబారున పాకి, దూరంగా ఉన్న పొయ్యి దగ్గరికి కూడా చేరుతుంది. కిరసనాయిలైనా సరే, పని పెరట్లోనే. దగ్గర్లో పొయ్యి, దీపం, సిగరెట్ ఉండకూడదు. పిల్లల్ని అటు రానివ్వకండి.

పాత ట్రేలో భాగాన్ని నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి, తర్వాత వేడి సబ్బునీళ్లతో కడిగి వెంటనే ఎండలో ఆరబెట్టండి. తడి ఉంచితే గంటల్లోనే కొత్త తుప్పు పొడ కనిపిస్తుంది.

ఇత్తడి బిందెకి చింతపండు ఎలాగో, మడ్డికి కాస్టిక్ సోడా అలాగని కొందరి నమ్మకం. ఇనుము వరకు ఫర్వాలేదేమో గానీ, అల్యూమినియం భాగాన్ని అందులో వేస్తే సోడా లోహాన్నే కరిగించేస్తుంది. పైకి వచ్చే బుడగలు హైడ్రోజన్, అదీ అంటుకునేదే. కార్బురేటర్‌ను అందులో ముంచారంటే దాని పని అయిపోయినట్టే. ఏ లోహమో తేల్చుకోవాలంటే అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకుంటే ఇనుము, ఉక్కు. అంటుకోకపోతే జాగ్రత్త.

తుప్పును వైరు బ్రష్షుతో, ఎమరీ పేపర్‌తో తీయాలి. గరుకు పేపర్‌తో మొదలుపెట్టి నున్నటి దానితో ముగించండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. తడిపి రుద్దితే దుమ్ము లేవదు. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. గుంటల్లో దాగిన తుప్పుకి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణాలు అమ్ముతారు. చేతికి గ్లౌజులు వేసుకుని, డబ్బా మీద రాసినట్టు వాడండి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ మాత్రం వద్దు. దాని పొగకి పక్కనున్న పనిముట్లు కూడా తుప్పు పడతాయి.

రంగు ఎక్కడ పడకూడదు?

ప్యాకింగ్ కూర్చునే అంచులు, బోల్టు మరలు, బెల్టు తిరిగే గాడి... వీటికి మాస్కింగ్ టేపు అంటించండి. టాపెట్ కవరు లోపలివైపు రంగు వద్దు. పెచ్చు ఊడితే ఆయిల్‌లో కలిసి జాలీకి అడ్డుపడుతుంది. ఎర్త్ తీగ బిగించే చోట కూడా లోహం మెరుస్తూ ఉండాలి. అక్కడ రంగు పడితే సెల్ఫ్ సరిగా తిరగదు. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొనే ప్రమాదం ఉంది.

ఇనుముకి రెడాక్సైడ్ ప్రైమర్, అల్యూమినియానికి ఎచ్ ప్రైమర్. ఆపైన ఇంజన్ వేడికి తట్టుకునే ఎనామిల్. ఒక్కసారే దట్టంగా పూస్తే కారిపోతుంది. పలచగా రెండు మూడు పూతలు వేయండి. సైలెన్సర్ వైపు గొట్టాలు వందల డిగ్రీల వేడెక్కుతాయి. మామూలు ఎనామిల్ అక్కడ కాలి ఊడిపోతుంది. వాటికి వేడిని తట్టుకునే ప్రత్యేకమైన రంగే వేయాలి.

ఈ పనికి ముహూర్తం కూడా ముఖ్యమే. ముసురు రోజుల్లో గాలిలోని తేమ రంగును పాలిపోయేలా చేస్తుంది. సంక్రాంతి వెళ్లాక, పొద్దెక్కి మంచు విడిచిన వేళ మొదలుపెట్టి, సాయంత్రం చల్లదనం దిగేలోపు ముగించడం మేలు.

వరద ముంచిన బండి సంగతి

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు కోనసీమ లంక గ్రామాలు నీట మునిగాయి. అలా మునిగిన బండిని కడిగి ఆరబెట్టాం కదా అని తాళం తిప్పకూడదు. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే, అది గాలిలా నొక్కుకోదు. పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆయిల్ పుల్ల తీసి చూడండి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీరు కలిసినట్టే. అప్పుడిక మెకానిక్ రావాల్సిందే. రంగుల ముచ్చట తర్వాత.

కాలువలో పారబోయకండి

పని అయ్యాక మిగిలే నల్లటి కిరసనాయిలును చాలామంది బోదెలోకి వంపేస్తారు. డెల్టాలో ఎన్నో ఊళ్లకు కాలువ నీరే చెరువు నింపేది, ఆ చెరువు నీరే బిందెల్లోకి చేరేది. మన బండి మడ్డి పొరుగు ఊరి కుండలో తేలడం న్యాయం కాదు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ సేకరించే షెడ్డులో ఇవ్వండి. మంచినీళ్ల సీసాలో మాత్రం పోయకండి. పిల్లలు పొరబడితే ప్రాణం మీదికి వస్తుంది. రంగు, నూనె అంటిన గుడ్డల్ని కుప్పగా పెట్టకుండా విడివిడిగా ఆరేయండి.

ఇంజన్ నిగనిగలాడటం కొసరు మాత్రమే. అసలు లాభం వేరే ఉంది. మడ్డి కప్పిన ఇంజన్‌లో ఆయిల్ ఎక్కడ కారుతోందో కనిపించదు. రంగు వేసిన ఇంజన్ మీద చిన్న చెమ్మ కూడా దాగదు. బిగించిన వారానికి ఒకసారి తెల్లగుడ్డతో అంచుల వెంట తుడిచి చూడండి. గుడ్డ తెల్లగానే ఉంటే పని కుదిరినట్టే. నల్లచార పడితే బోల్టులు సమానంగా బిగించారో లేదో, ప్యాకింగ్ సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోండి.