కాలేయానికి తొందర చికిత్స తగదు

శస్త్రచికిత్స సాగుతుండగానే కణితి తీసిన చోట రేడియేషన్ ఇచ్చే యంత్రాలు మన పెద్ద ఆసుపత్రుల్లోకీ వచ్చాయి. రొమ్ము క్యాన్సర్‌లో వాడుకకొచ్చిన ఈ పద్ధతిని కాలేయానికి మళ్లించే ముందు ఆగి ఆలోచించాలి. రోజుకు 2 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) చొప్పున ఇచ్చినా కాలేయం మొత్తంగా భరించగలిగేది దాదాపు 30 గ్రేలే. ఆపరేషన్ బల్ల మీద ఒకే విడతలో 10 నుంచి 20 గ్రేలు పడతాయి, దెబ్బా ఆ మేరకు తీవ్రం. చిన్న భాగానికే పరిమితమైతే మాత్రం మిగిలిన కాలేయం పని అందుకుంటుంది. బయటి నుంచి మూడు విడతల్లో ఇచ్చే స్టీరియోటాక్టిక్ చికిత్సలో కనీసం 700 మిల్లీలీటర్ల మంచి కణజాలానికి 15 గ్రేల లోపే అందాలన్న కట్టుబాటు అందుకే పుట్టింది. ఇటలీలోని పావియాలో 2001లో ఏకంగా ఒక రోగి కాలేయాన్నే బయటికి తీసి, అణు రియాక్టర్‌లో న్యూట్రాన్లు సోకించి, తిరిగి అమర్చారు. ఆ రోగి 44 నెలలు జీవించాడు. 2003లో అదే చికిత్స పొందిన రెండో రోగి కొద్ది వారాలకే, గుండె జబ్బు ముదిరి, కన్నుమూశాడు. సాహసం మెచ్చదగినదే, ఇద్దరి అనుభవం ప్రమాణం కాజాలదు.

రేడియేషన్ వల్ల కలిగే కాలేయ వ్యాధి సాధారణంగా రెండు వారాల నుంచి నాలుగు నెలల్లోగా బయటపడుతుంది, అంటే రోగి ఇంటికి చేరాక. హెపటైటిస్, మద్యం వల్ల సిరోసిస్ వచ్చిన కాలేయాలకు ఓర్పు ఇంకా తక్కువ. కనుక మిగిలే కాలేయాన్ని ముందే కొలవాలి, పిత్తనాళాలను కాపాడాలి, నాలుగు నెలలూ రక్తపరీక్షలు చేయాలి, ఫలితాలు ప్రచురించాలి. అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు రేడియేషన్ భద్రతకే పూచీ. చికిత్స ఫలితానికి ఆసుపత్రే జవాబుదారీ కావాలి.