వెనక్కి తిరిగినా అది ట్రెక్కే

శుక్రవారం రాత్రి ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ కింద బస్సు కోసం నిలబడ్డ మా పద్నాలుగు మందినీ చూస్తే ఎవరో ఫ్రెండ్ పెళ్లికి పోతున్నాం అనుకుంటారు. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్న రెయిన్‌కోట్లు నలుగురికే ఉన్నాయి. మిగతా అందరం జీన్స్, హుడీలే. డిసెంబర్ నెల, బంగాళాఖాతంలో అల్పపీడనం. ఇప్పుడు క్యాన్సిల్ చేస్తే టికెట్ డబ్బులు పోతాయని ఎవరూ నోరెత్తలేదు. "వాన పడితే ఇంకా మజా" అని గ్రూపులో మెసేజ్ పెట్టింది నేనే.

అందుకే ఈ మాట నేనే చెప్పాలి. మన ట్రెక్కింగ్ క్లబ్బుకి ఇప్పుడు కావాల్సింది ఇంకో కొత్త కొండ కాదు. "వెనక్కి పోదాం" అనే మాటకి కాస్త మర్యాద.

శనివారం లంబసింగి చూసి, రాత్రి పాడేరులో పడుకున్నాం. ఆదివారం తెల్లవారుజామున, చీకట్లోనే వంజంగి కొండ ఎక్కడం మొదలుపెట్టాం. సన్నటి వాన, ఎదురుగాలి, కాలు పెడితే జారే బురద. సగం దారిలో ఒక ఫస్టియర్ తమ్ముడు ఆగిపోయాడు. "మీరు పోండన్నా, నేను నిదానంగా వస్తా" అన్నాడు. "ఇంకో పది నిమిషాలే రా" అన్నాను. నిజానికి ఎంత దూరం ఉందో నాకూ తెలీదు.

కాసేపటికి వాడి వణుకు ఆగింది. హమ్మయ్య, చలికి అలవాటు పడ్డాడు అనుకున్నా. కానీ మాట ముద్దగా వస్తోంది. వేళ్లు కొంకర్లు పోయి రెయిన్‌కోటు గుండీ కూడా పెట్టుకోలేకపోతున్నాడు. అప్పుడు మా క్లాస్ అమ్మాయి ఒకతె "ఇక చాలు, దిగుదాం" అంది. ముగ్గురు మొహం మాడ్చుకున్నారు. అందులో నేనూ ఒకణ్ణి.

కింద టీ కొట్టు పెద్దమ్మ వాణ్ణి చూడగానే, "టీ తర్వాత బాబూ, ముందు తడిబట్టలు మార్పించండి" అని తన దుప్పటి ఇచ్చింది. కాసేపటికి వాడు మళ్లీ వణకడం మొదలుపెట్టాడు. ఒకడు వణుకుతుంటే నాకు సంతోషం వేయడం అదే మొదటిసారి.

తిరిగొచ్చాక చదివాను. నీళ్లు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. కాటన్ బట్ట తడిస్తే ఆ నీళ్లని ఒంటికి అంటించి ఉంచుతుంది. పైన గాలి కూడా తోడైతే మంచే పడక్కర్లేదు, 10 డిగ్రీలు చాలు. వణుకు అంటే ఒళ్లు వేడి పుట్టించుకోవడం. తడిబట్టల్లో ఉండగానే అది ఆగి, మాట తడబడితే ఒంట్లో శక్తి అయిపోతోందని అర్థం.

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉంటే కొర్రులా, అంటే కర్రలా బిగుసుకుపోతారని అలా పిలిచారట. ఊరి పేరులోనే హెచ్చరిక పెట్టారు. మనమేమో రీల్స్‌లో 'ఆంధ్రా కశ్మీర్' అన్న పేరు చూసి పరిగెత్తాం.

"ఇంత భయమైతే హాస్టల్లోనే పడుకో" అంటారా? 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ ముందు మన పక్కనున్న భువనగిరి బండ మీద శిక్షణ తీసుకుంది. మల్లి మస్తాన్ బాబు మనలాగే ఇంజినీరింగ్ చదివినవాడు, 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో వాతావరణం చెడిపోయి, ఆయన తిరిగి రాలేదు. అంతటివాణ్ణే వదలని వాతావరణం మన హుడీలను చూసి జాలిపడుతుందా?

కాబట్టి నా ప్రతిపాదనలు ఇవి. లీడర్లలో ఒకరు ఎప్పుడూ అందరికంటే వెనక నడవాలి. ప్రతి బ్యాగులో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఒక జత పొడి బట్టలు ఉండాలి. ఎవరైనా "దిగుదాం" అంటే ఎందుకని అడగకుండా దిగాలి. వాతావరణం బాగోలేక క్యాన్సిల్ చేస్తే పోయే డబ్బులు క్లబ్ ఫండ్ నుంచి ఇవ్వాలి. మా నోళ్లు కట్టేసింది ఆ డబ్బే కదా.

మేం మేఘాల సముద్రం చూడలేదు. పద్నాలుగు మంది వెళ్లాం, పద్నాలుగు మందిమీ ఎల్‌బీ నగర్‌లో దిగాం.

తమ్ముడూ, పది నిమిషాలే అని అబద్ధం చెప్పాను. సారీ రా.