ఇల్లు కొనేముందు మీటరు చూడండి

పల్లెటూళ్ళలో ఇల్లు కొనేవాడు చూడనిది వుండదు. తూర్పు గోడ ఎవరిది, వాననీరు ఎటు పోతుంది, నుయ్యి ఏ మూల వుంది, ఆస్తి ఎన్ని చేతులు మారింది, అన్నీ చూస్తాడు. వాస్తు చెప్పే ఆయనను పిలిపించి సింహద్వారం దగ్గర గంటసేపు కొలతలు వేయిస్తాడు. ఆ ద్వారం పక్కనే గోడకు బిగించి వున్న కరెంటు మీటరు వంక మాత్రం చూడడు. గృహప్రవేశమై, చుట్టాలు భోజనాలు చేసి వెళ్ళిన తర్వాత, బాకీ కట్టలేదంటూ లైన్‌మన్ వచ్చి ఫీజు పీకినప్పుడు గాని ఆ సంగతి తెలిసిరాదు.

కొత్త ఇంటికి ముఖ్యంగా కావలసినవి రెండు: పొయ్యికి గ్యాసు, దీపానికి కరెంటు. గ్యాసు విషయంలో ఎవరి దగ్గర తీసుకోవాలో నిర్ణయించుకునే వీలు మనకు వుంది. ఇండేన్, హెచ్‌పీ, భారత్ గ్యాస్ మూడూ ప్రభుత్వ రంగ సంస్థలవే. ఇళ్ళలో వాడే సిలిండరులో వుండే గ్యాసు మూడింటిలోనూ 14.2 కిలోలే. అందువల్ల కంపెనీ పేరు కంటే ఏజెన్సీని చూసుకోవడం ముఖ్యం. గోడౌను ఎంత దూరం, బండి మన ఊరికి వారానికి ఎన్నిసార్లు వస్తుంది, రసీదు మీద వున్న ధరకే ఇస్తారా, ఆపైన ‘ఆటో ఖర్చు’ అంటారా అన్నది ఇరుగుపొరుగును అడిగితే చాలు. ఇంటికి తెచ్చి ఇచ్చే ఏజెన్సీ అయితే ఆ ఖర్చు రసీదు ధరలోనే కలిసి వుంటుంది. సేవ నచ్చకపోతే, ఆ ప్రాంతంలో వేరొక ఏజెన్సీ వుంటే, అక్కడికి మారే పద్ధతి 2014లోనే వచ్చింది. కంపెనీ కూడా మారేటట్లయితే పాత సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి డిపాజిట్ వెనక్కు తీసుకుని, కొత్త చోట తిరిగి కట్టాలి. ఈ వీలు వున్నదని ఇప్పటికీ చాలామందికి తెలియదు. చెప్పవలసిన ఏజెన్సీలు చెప్పవు.

కరెంటు విషయంలో ఆ ముచ్చట లేదు. ఒంగోలు బజారులో బియ్యం అమ్మే కొట్లు ఎన్ని వున్నా, కరెంటు అమ్మే కొట్టు ఒక్కటే. 1999లో విద్యుత్ బోర్డును విడగొట్టారు. 2000లో పంపిణీ కంపెనీలు వచ్చాయి. మన ప్రకాశం జిల్లాను తిరుపతి కేంద్రంగా వున్న దక్షిణ ప్రాంత సంస్థకు అప్పగించారు. 2020లో కృష్ణా, గుంటూరు జిల్లాలతో పాటు విజయవాడ కేంద్రంగా కొత్తగా ఏర్పడిన మధ్య ప్రాంత సంస్థ కిందకు మార్చారు. రాత్రి ఒక కంపెనీ వినియోగదారుగా పడుకున్నవాడు తెల్లవారేసరికి మరొక కంపెనీ వినియోగదారుగా లేచాడు. మీ ఇష్టం ఏమిటని ఎవరూ అడగలేదు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం వేరొక చోట నుంచి కరెంటు కొనుక్కునే హక్కు ఒక మెగావాట్ దాటి వాడే పెద్దవారికి వుంది. ఫ్యానూ, టీవీ వున్నవారికి అది వర్తించదు.

ఎంపిక వున్న చోట్లూ లేకపోలేదు. బొంబాయి శివార్లలో రెండు ప్రయివేటు కంపెనీలలో నచ్చినదాని దగ్గర కరెంటు తీసుకోవచ్చు. ఇంగ్లండులో 1998–99 నుంచి ఇళ్ళవారికి కూడా కంపెనీ మారే స్వేచ్ఛ వచ్చింది. అక్కడ 2021లో గ్యాసు ధర మండిపోయినప్పుడు పాతిక పైచిలుకు కంపెనీలు మూతపడ్డాయి కాబట్టి ఎక్కువ కొట్లు వుంటే అంతా బాగుంటుందని మేము అనబోవడం లేదు. ఒకే ప్రాంతంలో పలు కంపెనీలను అనుమతించాలంటూ 2022లో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణ బిల్లు 2024లో సభతో పాటే కాలం చేసింది. కాని ఇంగ్లండు పద్ధతిలో ఒకటి మెచ్చుకోదగినది వుంది. ఇంట్లో అడుగుపెట్టిన రోజున మీటరు రీడింగు రాసుకుని కంపెనీకి తెలియజేస్తే, అంతకుముందు వాడిన కరెంటు బాకీ పాతవారిదే. కొత్తవారికి దానితో సంబంధం లేదు.

మన దగ్గర తద్విరుద్ధం. ఇక్కడ బాకీ మనిషిని వదలి ఇంటిని పట్టుకుంటుంది. మన రాష్ట్రంలో 2006 నాటి సరఫరా నిబంధనలు ఆస్తి అమ్మేవాడు బాకీలన్నీ తీర్చి అమ్మాలని చెబుతూనే, తీర్చకపోతే ఆ ఇంటికి పాత సర్వీసు మీద గాని, కొత్త సర్వీసు ద్వారా గాని సరఫరా నిరాకరించే అధికారాన్ని కంపెనీకి ఇచ్చాయి. ఎగ్గొట్టినవాడు డబ్బు లెక్కపెట్టుకుని హైదరాబాదు పోతాడు. చీకట్లో కూర్చునేది కొన్నవాడు. ఇది అన్యాయమని దేశంలో చాలామంది కోర్టులకెక్కారు. 2023 మే 19న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కేరళ విద్యుత్ బోర్డు కేసులో తీర్పు చెబుతూ, నిబంధనలలో అలా రాసి వుంటే పాత బాకీ కడితేనే కనెక్షన్ ఇస్తామనడం చెల్లుతుందని తేల్చింది. అవి ఎక్కువగా వేలంలో ఆస్తులు కొన్నవారి కేసులు. బాంకు వేలంలో ఇల్లు చవుకగా వస్తోందని ఆశపడేవారు ఈ తీర్పును గుర్తుంచుకోవాలి. పాతబడి రెండేళ్ళు దాటింది కదా అని ధీమా పడడానికీ లేదు. ప్రతి బిల్లులో చూపుతూ వచ్చిన బాకీ అలాగే నిలిచి వుంటుంది.

మన జిల్లాలో ఇది మరీ పట్టించుకోవలసిన విషయం. వలస వెళ్ళిన కుటుంబాల ఇళ్ళు ఏళ్ళ తరబడి తాళం వేసి వుంటాయి. సర్వీసు రద్దు చేయించుకోకపోతే దీపం వెలగకపోయినా స్థిర చార్జీలు పడుతూనే వుంటాయి. అటువంటి ఇల్లు కొనేటప్పుడు బయానా ఇవ్వకముందే సర్వీసు నంబరు అడిగి తీసుకోవాలి. ఆ నంబరు సెల్‌ఫోనులో కొడితే నడుస్తున్న బిల్లు తెలుస్తుంది గాని, అంతటితో సరిపెట్టుకోరాదు. ఎప్పుడో తీసివేసిన సర్వీసు తాలూకు బాకీ గాని, దొంగ కరెంటు కేసులో వేసిన జరిమానా గాని ఫోనులో కనిపించకపోవచ్చు. సెక్షన్ ఆఫీసులో ఏ.ఈ.కి అర్జీ రాసిచ్చి, బాకీ లేదన్న మాటను కాగితం మీద తీసుకోవడం మంచిది. బాకీ తేలితే దాన్ని ధరలో తగ్గించుకోవాలి. రిజిస్ట్రేషను తేదీ వరకు బాకీలన్నీ అమ్మినవారివేనని అగ్రిమెంటులో రాయించాలి. ఆ షరతు కంపెనీని ఆపలేకపోయినా, అమ్మినవారి మీద దావా వేయడానికి పనికివస్తుంది. ఇంట్లో చేరిన రోజున మీటరును ఫోటో తీసి వుంచుకోవడానికి ఖర్చేమీ లేదు. అద్దెకు చేరేవారూ ఈ పని చేయాలి.

ఇక పేరు మార్పిడి. ఊళ్ళో బిల్లులు ఒకచోట పోగుచేసి చూస్తే సగం పోయినవారి పేర్లే కనిపిస్తాయేమో! తాతగారు పోయి ఇరవై ఏళ్ళయినా బిల్లు ఆయనకే వస్తూ వుంటుంది. కరెంటు వెలుగుతున్నంత కాలం ఎవరికీ పట్టదు. ఇంటి కప్పు మీద సౌర పలకలు పెట్టుకోవాలని అనుకున్నప్పుడు చిక్కు తెలుస్తుంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండుకు 60 వేలు, మూడు అంతకు పైన అయితే 78 వేల రూపాయల సబ్సిడీ ప్రకటించారు. అర్జీదారు పేరు, సర్వీసు పేరు ఒకటి కాకపోతే అర్జీ ముందుకు కదలదు. కరెంటు కంపెనీని ఎంచుకునే హక్కు లేని పల్లెవాసికి కొంతైనా తన కరెంటు తాను చేసుకునే దారి ఇదొక్కటే. అది తాతగారి పేరు దగ్గర ఆగిపోవడం విచారకరం.

పేరు మార్పిడికి వెళితే ఒక రోజు ఏ.ఈ. క్యాంపులో వుంటారు. మరొక రోజు మరొక కాగితం కావాలంటారు. మధ్యలో ‘నేను చేయిస్తా’నంటూ ఒకాయన తగులుతాడు. కూలి పోగొట్టుకుని ఎన్నిసార్లు తిరుగుతాడు రైతు? విద్యుత్ అధికారులు ప్రతి మండలంలో నెలకొక రోజున పంచాయతీ ఆఫీసు దగ్గర కూర్చుని, వారసత్వ, కొనుగోలు పేరు మార్పిడులు అక్కడికక్కడే పరిష్కరించాలి. కావలసిన కాగితాల జాబితా, కట్టవలసిన రుసుము సెక్షన్ ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. ఇల్లు రిజిస్టరు చేసేటప్పుడే సర్వీసు బాకీ రసీదు చూపాలన్న నిబంధన పెట్టే సంగతిని రాష్ట్ర ప్రభుత్వం ఆలోచించాలి. అప్పుడు కొన్నవాడికీ కంపెనీకీ కూడా ఈ తగవు తప్పుతుంది.

కొత్త ఇంటికి కొత్త సర్వీసు కావలసినవారి విషయంలో 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర నిబంధనలు, లైను పొడిగించే పని లేకపోతే, గ్రామాల్లో 15 రోజుల గడువు పెట్టాయి. అంతకుముందు అది 30 రోజులు. అర్జీ ఇచ్చిన రోజున తేదీ వేసిన రసీదు తీసుకోకపోతే గడువు లెక్కపెట్టే ఆధారమే వుండదు. గడువు దాటినా, లేని బాకీ చూపినా 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. అక్కడా పని కాకపోతే కంపెనీకి చెందిన వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ వున్నారు. ఆ వేదిక చిరునామా బిల్లు కాగితం వెనుక తెలుగులో అచ్చువేయించడానికి కంపెనీకి ఏమంత ఖర్చవుతుంది?