పేరులో ఏమున్నది? : సీత

“మనుమరాలికి మా అత్తగారి పేరు సీత అని పెడదామంటే, ఆ పేరుగలవారికి కష్టాలు తప్పవంటూ మా కోడలు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?” అని ఒక సోదరి వ్రాశారు.

సీత అంటే నాగటి చాలు. అంతే. జనకుడు భూమిని దున్నుతుండగా చాలులో దొరికింది గనుక ఆ పేరు. మాట మాత్రం రామాయణంకంటె పాతది. ఋగ్వేదం 4వ మండలం 57వ సూక్తంలో మంచి పంటలిమ్మని సీతను వేడుకొంటారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో రాజుగారి సేద్యం చూసే అధికారి పేరు సీతాధ్యక్షుడు! ఈ రెండుచోట్లా ఉన్నది పంట మాటే గాని కష్టాల మాట కాదు.

ఇంకొకటి చూడండి. జానకి తండ్రినిబట్టి, వైదేహి, మైథిలి దేశాన్నిబట్టి వచ్చిన పేర్లు. సీత వద్దనేవారే జానకి అని ముచ్చటగా పెట్టుకొంటారు. అడవికి వెళ్ళింది జానకి కాదు కాబోలు!

మిథిలలో వివాహపంచమినాడు ఆడపిల్ల పెండ్లి చేయడానికి వెనుదీస్తారు. సీతారాముల పెండ్లి జరిగిన తిథి అది. మనమో, శుభలేఖమీద వారి తలంబ్రాల శ్లోకమే అచ్చువేయిస్తాము. సీతమ్మ, సీతారామమ్మ, సీతామహాలక్ష్మి లేని వీధి మన ఊళ్ళలో ఒకప్పుడు అరుదు. అమెరికా ఖండంనుంచి వచ్చిన పండును సైతం సీతాఫలం చేసుకొన్నాము.

అందుచేత, సోదరీ, నా ఓటు సీతకే. కోడలికి ముందు నాగటి చాలు సంగతి చెప్పి చూడండి. మరీ బెంగపడితే వెనుక మహాలక్ష్మిని చేర్చండి. బారసాలనాడు పళ్ళెంలో బియ్యంమీద పేరు వ్రాసేది తల్లిదండ్రులే గదా!